నలభయ్యో వేలిముద్ర

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరే పిల్లలకు ఈ శిక్షణ కంప్యూటరులోనే జరిగిపోతుందట. మా అన్న మనవరాలు చెప్పింది. తెర మీద బొమ్మలు వస్తాయి, పది ప్రశ్నలు అడుగుతారు, సరైన గళ్లలో నొక్కితే చివర మన పేరుతో ఒక ధ్రువపత్రం వస్తుంది. తను టీ తాగుతూ అరగంటలో ముగించేసిందట. ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే, "దాదాపు అన్నింటికీ మూడో జవాబే కరెక్టు తాతా" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులు జరగకుండా ఇచ్చే ఈ శిక్షణను మా బళ్లారి వైపు యార్డుల్లో మొదట్లో ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇచ్చి, బోర్లా పడినవాణ్ణి. మీలో ఎవరికైనా రేపు ఈ బాధ్యత నెత్తిన పడితే పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. కొందరు ఇప్పటికీ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నాకు ఎదురుపడుతుంటారు.

ఇనుప ఖనిజానికి గిరాకీ ఆకాశానికి ఎగిరిన రోజులవి. లారీలు రోడ్డు పొడవునా ఒకదాని వెనక ఒకటి ఆగి ఉండేవి. ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కావిరంగుకు తిరిగేది. ఊరి బయట ఒక స్టాక్ యార్డులో నేను వెల్ఫేర్ ఆఫీసరుని. పేరు పెద్దదే గాని నా చేతిలో ఉండేది రెండు బీరువాలు, ఒక టైపు మిషను. మా నాయన మిషన్ బడిలో పంతులు. ఇంట్లో ఏ కోడి ఏ రోజు పొదిగిందో కూడా రాసి పెట్టే మనిషి. ఆ రక్తమే నాది. కొత్త ఫారం ఏదైనా వస్తే పండక్కి కొత్త చొక్కా వచ్చినంత సంబరపడేవాణ్ణి.

యార్డులో నలభై మంది ఆడవాళ్లు పనిచేసేవారు. కొండ నుంచి దిగిన ఖనిజాన్ని సుత్తులతో పగలగొట్టడం, జల్లెడ పట్టడం, మట్టిపెళ్లలు ఏరివేయడం వాళ్ల పని. చీర మీద మొగుడిదో అన్నదో పాత చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని, మోక నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ టెంపోల్లో వచ్చేవారు.

వాళ్ల హాజరీ పద్ధతి గురించి ముందే చెప్పాలి. హాజరీ గుమాస్తా ఒక చిన్న కిటికీ వెనక కూర్చునేవాడు. పొద్దున పనిలోకి దిగేటప్పుడూ, సాయంత్రం టెంపో ఎక్కేటప్పుడూ ఒక్కొక్కరూ కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. లోడింగ్ మగవాళ్లయితే ఇంకు ప్యాడు వాళ్ల వైపు తోసేవాడు, వాళ్లే వేలు అద్దుకుని ముద్ర వేసేవారు. ఆడవాళ్ల చెయ్యి మాత్రం తనే పట్టుకుని, గుడ్డతో వేలు తుడిచి, ప్యాడు మీద ఒత్తి, పుస్తకం మీద దొర్లించేవాడు. రాళ్లు కొట్టీ కొట్టీ వాళ్ల వేలిగీతలు అరిగిపోయాయని, గట్టిగా పట్టుకుని దొర్లించకపోతే ముద్ర పడదని అనేవాడు. ఏళ్ల తరబడి రోజూ ఆ కిటికీ పక్క నుంచే నా గదికి నడిచాను. చూశాను కూడా. అందులో చూడాల్సింది ఏదో ఉందని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

అలాంటి రోజుల్లో ఖనిజం కొనే విదేశీ కంపెనీ నుంచి ఒక ప్రశ్నల పట్టిక వచ్చింది. మాటల్లో కన్నడం ముక్కలు కలిపే మా మేనేజరు నన్ను పిలిపించి కాగితం చూపించాడు.

"ఏందప్పా ఇది? ఆడోళ్లకి ట్రైనింగ్ ఇచ్చిండారా అని అడుగుతాండారు. రాళ్లు కొట్టేదానికి ట్రైనింగ్ యాకె బేకు?"

"రాళ్లు కొట్టేదానికి కాదు సార్" అని చదివి వినిపించాను.

ఆయన కొంచెంసేపు మీసం దువ్వుకున్నాడు. "మన యార్డులో అట్లాంటివేం లేవు గదా. ఇచ్చినామని రాసి పంపిచ్చు. సుమ్నే తలనొప్పి."

పాల్గొన్నవాళ్ల సంతకాల పట్టిక కూడా జతచేయమన్నారని చూపించాను.

"అయితే ఇచ్చేయి. ఒక గంట మాట్లాడు, అందరి ఏలిముద్రలూ తీసుకో, పంపిచ్చు. ముగీతు, అయిపాయె."

నాకు మాత్రం కుతూహలం పట్టుకుంది. ఇలాంటి శిక్షణ ఒకటుందని నేనెప్పుడూ వినలేదు. అప్పటికి దీని మీద ప్రత్యేకంగా చట్టం రాలేదు. అది తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే చట్టమనుకోండని సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చి ఉంది. కోర్టు వీధిలో నాకు తెలిసిన వకీలు దగ్గర ఆ తీర్పు నకలు అడిగి తెచ్చుకున్నాను. ఆయన దాని మీద దుమ్ము దులిపి ఇస్తూ, "దీన్ని అడిగిన మొదటి మనిషివి నువ్వేనప్పా" అన్నాడు.

రెండు రోజులు దాన్ని పట్టుకుని కూర్చున్నాను. యజమాని ఈ సంగతి అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ వేయాలి. దానికి ఆడమనిషే అధ్యక్షురాలు కావాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి. పైవాళ్ల ఒత్తిడికి లొంగకుండా బయటి మనిషి ఒకరుండాలి. ఫిర్యాదు చేసినామెకు దానివల్ల ఏ నష్టమూ రాకూడదు. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి, ఫారాల్లో పట్టేవే. నన్ను ఆపేసింది ఒక్క మాట. ఇష్టంలేని స్పర్శ, ఇష్టంలేని మాట, ఇష్టంలేని చూపు అని ఉంది. ఎవరికి ఇష్టంలేనిది? ఆమెకు. నా సర్వీసులో ఎన్నో నియమాలు చూశాను, హెల్మెట్టుకూ బూట్లకూ మందుగుండుకూ అన్నింటికీ కొలతలు ఇంజనీర్లో యజమానులో చెప్పేవారు. ఇక్కడ కొలత పనిచేసే మనిషి దగ్గరుంది. అది నాకు చాలా కొత్తగా, చిత్రంగా అనిపించింది. అనిపించి, అక్కడితో ఆగింది.

కమిటీ వేశాం. అధ్యక్షురాలు మా ల్యాబులో ఖనిజం నాణ్యత పరీక్షించే కెమిస్టు. బళ్లారి బజారులో తాతల నాటి నుంచి బట్టల కొట్టున్న తెలుగు ఇంటి పిల్ల, పాతికేళ్లుంటాయి. ఆఫీసరు హోదా ఉన్న ఆడమనిషి తనొక్కతే. రెండో సభ్యురాలు క్యాంటీన్‌లో వంట చేసే ఆమె. బయటి మనిషిగా మా చర్చి సంఘంలోని రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని బతిమాలి ఒప్పించాను. చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టిన టీచరమ్మే. నాలుగోవాణ్ణి నేను.

శిక్షణ రోజున రేకుల షెడ్డు కింద నలభై మందినీ కూర్చోబెట్టాం. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి చార్టులు రాసి గోడకు అంటించాను. "లైంగిక వేధింపు" అన్నాను. నలభై ముఖాలు నన్నే చూశాయి, ఒక్కదానిలోనూ కదలిక లేదు. చార్టు పక్కన పెట్టి, గలీజు మాటలు, గలీజు చూపులు, ఇష్టం లేకుండా తాకడం అని చెప్పుకొచ్చాను. వెనక ఎవరో, "లారీ డ్రైవర్ల పాటలా సారూ?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాగానే సాగుతోందనుకున్నాను.

చివర, ఏమన్నా అడగాలంటే అడగండమ్మా అన్నాను. మోక నుంచి వచ్చే ఒకామె లేచింది. ముప్ఫై దాటిన మనిషి. నాలుగేళ్లుగా జల్లెడ దగ్గర పని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు.

"ఇష్టం లేకుండా చెయ్యి పట్టుకునేదీ అదేనా సార్?"

"అవునమ్మా, అదీ అంతే."

"పని మీద పట్టుకున్నా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పని మీదయితే అది వేరే అమ్మా. కాలు జారి పడతాంటే పట్టుకుంటాం గదా."

ఉదాహరణ బాగా కుదిరిందని లోలోపల సంతోషించాను కూడా. ఆమె కూర్చుంది. ఎవరు పట్టుకున్నారని, ఎప్పుడని నేను అడగలేదు. శిక్షణ ఇవ్వడానికి వెళ్లినవాణ్ణి నేను, ఒకరు నోరు తెరిస్తే దాన్ని నా చేత్తో నేనే మూసేశాను.

తర్వాత జరిగింది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. హాజరు పట్టిక కావాలి కదా. ముద్రలు తీసే పని ఎవరిది? హాజరీ గుమాస్తాది. అతను శిక్షణ సాగినంతసేపూ నా పక్కనే బల్ల వేసుకుని, ప్యాడూ గుడ్డా సర్దుకుని కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్లు వరస కట్టారు. అతను ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, తుడిచి, ఒత్తి, దొర్లించాడు. ఇష్టం లేకుండా తాకకూడదని వాళ్లకు బోధపడినట్టు రుజువు అలా తయారైంది. నేను పక్కనే నిలబడి లెక్కపెట్టుకున్నాను. ముప్ఫై తొమ్మిది వచ్చాయి. మోక ఆమె వరసలో నిలబడలేదు. కొంచెంసేపు చూసి, తల గుడ్డ బిగించుకుని జల్లెడ దగ్గరికి వెళ్లిపోయింది.

"రేపు హాజరీ కాడ తీసుకుంటాలే సార్, నాకిడిసిపెట్టండి" అన్నాడు గుమాస్తా. వదిలేశాను.

నాలుగైదు రోజులు గడిచాయి. ఆ ముద్ర రాలేదు. గుమాస్తాని అడిగితే, ఆమె పనికి రావడం లేదని, కూలికెక్కడికో పోయిందని చెప్పాడు. మేనేజరు పొద్దునా సాయంత్రమూ అడుగుతున్నాడు. ఒక్క గడి ఖాళీగా ఉన్న పట్టికను పంపడానికి నాకూ మనసొప్పలేదు. ఖాళీ గడి చూస్తే నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు నా బొటనవేలిని ప్యాడు మీద అద్ది, ఆమె పేరుకెదురుగా ఒత్తాను. నా అంతట నేనే, ఎవరూ నా చెయ్యి పట్టుకోకుండా.

పట్టిక మీద కమిటీ సభ్యులు సంతకాలు చేయాలి. కెమిస్టు ల్యాబు హడావుడిలో చేసేసింది. మర్నాడు టీచరమ్మ సిటీ బస్సులో వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లింది. ఒకచోట వేలు ఆగింది.

"ఈమె ఏం పని చేస్తాది నాయనా?"

"జల్లెడ కాడ టీచరమ్మా."

"ఎన్నేండ్లుగా?"

"నాలుగేండ్లు."

"అందరి ముద్రలూ మసక మసగ్గా, ఇంకు పూసినట్టు ఉండాయి. ఈమె ఏలికి మాత్రం ఇన్ని గీతలు యాడివి?"

టీచరమ్మ నా ముఖం వంక చూడలేదు, నా చేతి వంక చూసింది. చిన్నప్పుడు కాపీ కొట్టి దొరికినప్పుడు కూడా అలాగే చూసేది. జరిగింది చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. "ఆ బిడ్డ యాడుండాదో కనుక్కో. ఇద్దరమూ పోదాం" అంది.

టెంపో ఆడవాళ్లను అడిగితే, తెక్కలకోట పక్క వరినాట్లకు పోతోందని చెప్పారు. సిరుగుప్ప బస్సెక్కి తెక్కలకోటలో దిగి, కాలవ గట్టున నడుచుకుంటూ వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో వంగి నాట్లేస్తున్న వరసలో ఆమె ఉంది. నన్ను చూసి ముందు ముఖం తిప్పుకుంది. టీచరమ్మ పిలిస్తే కాలవలో చేతులు కడుక్కుని గట్టెక్కింది.

"పని మానేసినావంట గదమ్మా" అంది టీచరమ్మ.

"నేను మాన్లేదమ్మా. మాన్పించినారు. మూడు దినాలు పోయి ఆ కిటికీ కాడ నిలబడినా. పుస్తకం ఇట్ల తిప్పు, నేనే ఏలు ఏసుకుంటా అంటి. చెయ్యిస్తేనే హాజరీ అనె. మూడు దినాలూ ఎనక్కి వచ్చినా."

"ఆయప్ప ఏం చేస్తాడు?"

ఆమె తన ముంజేతిని రెండో చేత్తో పట్టుకుంది. "తుడుస్తా ఉంటాడమ్మా. ఏలు తుడిచేది రొంతసేపు పని గదా, ఇడిచిపెట్టడు. ఈడ మణికట్టు మీద ఆయప్ప ఏలు ఆడతా ఉంటాది. ఏదో ఒకటి అంటాడు. ఎనక నిలబడినోళ్లంతా నేలకి చూస్తాంటారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాలుగేండ్లు."

"మాకు ఎవరికన్నా చెప్పుంటే..." అని నేను మొదలుపెట్టాను.

"చెప్పినా గదా సార్. అందరి ముందర లేసి అడిగితి. పని మీదయితే వేరే అంటివి నువ్వు. మర్నాడు ఆయప్ప అదే మాట నాకు చెప్పె. సారే చెప్పినాడు, ఇది పని మీద పట్టుకునేదే అని."

నా మాటను అతను కర్రలా ఆమె మీదికే ఎత్తాడు. ఎత్తడానికి అందించినవాణ్ణి నేను. ఆ గట్టు మీద నిలబడి నేను పడిన సిగ్గు నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ పడలేదు.

ఏం కావాలమ్మా నీకు అని టీచరమ్మ అడిగింది. ఆమె నాట్ల వరస వంక ఒకసారి చూసింది.

"ఆయప్పని తీసెయ్యమని నేను అడగను. ఆయప్పకీ పిల్లోళ్లుండారు. నాట్లు పది దినాల్లో అయిపోతాయి, ఆపైన నాకు ఈడ పని లేదు. పుస్తకంలో నా పేరు ఎట్లుండెనో అట్లుండల్ల. నా ఏలు నేనే ఏసుకోవల్ల. అంతే."

నాలుగు రోజుల తర్వాత ల్యాబు గదిలో కమిటీ కూర్చుంది. మోక ఆమె గోడ పక్క బల్ల మీద కూర్చుని ఉంది. గుమాస్తా ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో పాత హాజరీ పుస్తకాలతో వచ్చాడు. అతనిలో తప్పు చేసిన జంకేమీ లేదు. ఎవరో తన పనిలో లోపం పట్టారని వచ్చిన రోషం కనిపించింది.

"పదైదేండ్లుగా చేస్తాండా మేడం. ఒకరన్నా ఏమీ అనల్యా. అరిగిపోయిన చేతి ఏళ్లు అవి. గట్టిగా పట్టుకోకుంటే ముద్ర పడదు. నేను చేసింది కంపెనీ పనే."

కెమిస్టు పిల్ల ఆరోజు దాకా ఆ కుర్చీలో ఇబ్బందిగానే కూర్చునేది. ఏ ప్రశ్న అడగాలో నన్ను చూసి అడిగేది. ఈ మాట వినగానే తిన్నగా కూర్చుంది. ముద్ర పడుతుందా పడదా అన్నది తన పరిధిలోని సంగతి, పరీక్ష చేసి తేల్చగలిగింది.

"పడదంటావా? చూద్దాం" అంది.

జల్లెడ దగ్గర నుంచి పదిమందిని పిలిపించింది. బల్ల మీద తెల్లకాగితం, ప్యాడు పెట్టి, ఎవరి వేలు వాళ్లనే వేసుకోమంది. వేశారు. ఆ కాగితాన్ని హాజరీ పుస్తకం పక్కన పరిచి, ఖనిజపు రేణువులు చూసే భూతద్దంతో ఒక్కొక్క ముద్రనూ పోల్చింది. మమ్మల్నందరినీ వంగి చూడమంది. నేనూ చూశాను. అతను పట్టుకుని దొర్లించినవీ, వాళ్లంతట వాళ్లు వేసుకున్నవీ ఒకేలా ఉన్నాయి. రెండింట్లోనూ గీతలు లేవు.

"నువ్వు పట్టుకున్నా గీతలు రాలేదు. మరి పట్టుకునేదానివల్ల ఏం వచ్చింది?" అని అడిగింది.

అతను పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పాడు.

"లోడింగ్ మగోళ్ల ఏళ్లు కూడా అరిగినవే గదా. వాళ్ల చెయ్యి ఏంటికి పట్టుకోవు?"

అతను పుస్తకాలు మూసి ఒకదాని మీద ఒకటి పేర్చుకోసాగాడు. అప్పుడు మాట్లాడింది క్యాంటీన్ ఆమె. కమిటీలో చేరినప్పటి నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"నేనూ ముందు జల్లెడ కాడే ఉంటి. క్యాంటీన్ వాళ్లకి ఏలిముద్ర లేదు, పేరు పిలిచి టిక్కు పెడతారు. అందుకే ఆడికి మార్చమని కాళ్లావేళ్లా పడితి. ఏంటికని ఎవరూ అడగల్యా."

అలా మార్చిన కాగితం టైపు చేసింది నేనే. కారణం అన్నచోట ఆరోగ్యం అని రాశాను. ఆమె చెప్పలేదు, నేనే రాశాను. ఖాళీ గడి నాకు పడదు కదా.

ఆ తర్వాత పదిమందిలో ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నలుగురు చెప్పలేదు, ఎవరూ వాళ్లను బలవంతపెట్టలేదు. సాయంత్రానికి నిర్ణయం రాసుకున్నాం. గుమాస్తాని హాజరీ పని నుంచి తప్పించి, ఆడవాళ్లతో సంబంధం లేని దూరపు గేటుకు మార్చి, సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాయాలి. హాజరీ పుస్తకం కిటికీ బయట బల్ల మీద ఉండాలి. మోక ఆమె పేరు పుస్తకంలో పాతచోటనే ఉండాలి, వెనక్కి పంపిన రోజులు కూడా పనిచేసినట్టే. చివర టీచరమ్మ నా వైపు చూసింది. దొంగ ముద్ర సంగతి కూడా రాయండని నేనే అన్నాను. ఆ పట్టిక చింపేద్దామనుకుంటే టీచరమ్మ చింపనివ్వలేదు, ఫైల్లో పెట్టించింది.

మేనేజరుకు ఒళ్లు మండింది. "ఒక ఏలిముద్రకి ఇంత రాద్ధాంతం చేసినావు గదప్పా" అని కేకలేశాడు. కోర్టు చెప్పినదానిని కాదని సంతకం పెట్టే ధైర్యం ఆయనకు లేకపోయింది. నిర్ణయాలన్నీ ఒప్పుకుని, ఆ కోపం మెమో రూపంలో నా మీద తీర్చుకున్నాడు. మా ఆఫీసులో టైపు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా మెమోను నేనే టైపు చేసుకున్నాను. ఆ ఏడు రావాల్సిన ప్రమోషను వేరే ఆయనకు పోయింది. పోవాల్సిందే, ఆ మాట నిజంగానే అంటున్నాను.

శిక్షణ మళ్లీ ఇచ్చాం. మోక ఆమె వచ్చి మధ్య వరసలో కూర్చుంది. ఈసారి చార్టులు లేవు. నేను లేచి, మొదటిసారి ఏం జరిగిందో చెప్పాను. ఆమె అడిగితే నేనేమన్నానో, ఆ జవాబు ఎందుకు తప్పో, ఆమె పేరు మీద ముద్ర వేసింది ఎవరో అన్నీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పని మీద పట్టుకున్నా, మీకు ఇష్టం లేకపోతే అది తప్పే, అడిగే హక్కు మీది, అడిగినందుకు మీ పని పోకూడదు అన్నాను. కెమిస్టు కమిటీ గురించి చెప్పింది. క్యాంటీన్ ఆమె తనను ఏ వేళలో ఎక్కడ కలవొచ్చో చెప్పింది.

తర్వాత కొత్త పట్టికను, ప్యాడును షెడ్డు మధ్యలో బల్ల మీద పెట్టి దూరంగా వచ్చి నిలబడ్డాను. ఒక్కరూ లేవలేదు. అందరూ మోక ఆమె వంక చూస్తున్నారు. ఆమె కూర్చున్న చోటు నుంచే మాట్లాడింది.

"ఇప్పుడే ఎట్ల ఏస్తాం సార్? నువ్వు చెప్పేది చెప్పినావు, మేము వినేది విన్నాం. కొత్త గుమాస్తా ఎట్లుంటాడో చూడల్ల గదా. అయినంక ఏస్తాం."

వాళ్లు లేచి పనిలోకి వెళ్లిపోయారు. బల్ల మీద నలభై ఖాళీ గడుల కాగితం మిగిలింది. కొనే కంపెనీకి ఒక నెల గడువు కావాలని ఉత్తరం రాశాను. మేనేజరు నాతో మాట్లాడటం మానేశాడు. నేను రోజూ పొద్దున ఆ బల్ల దగ్గర కొంచెంసేపు నిలబడి చూసేవాణ్ణి. కొత్త గుమాస్తా కిటికీ లోపల కూర్చుని పేర్లు పిలిచేవాడు. ఆడవాళ్లు బయట తమంతట తాము వేలు అద్దుకుని, చొక్కా అంచుకు తుడుచుకుని వెళ్లిపోయేవారు. చూడటానికి అంతకు మించి ఏమీ ఉండేది కాదు.

నెల దాటిన తర్వాత ఒక సోమవారం పొద్దున మోక ఆమె నా గది గుమ్మంలోకి వచ్చింది.

"ఆ కాగితం ఉండాదా సార్?"

బీరువాలోంచి తీశాను. నేను ప్యాడు మూత తీసేలోపే తను తీసుకుంది. తన పేరు ఎక్కడుందో అడిగి, వేలు అద్ది, మెల్లగా ఒత్తింది. గీతల్లేని మసక ముద్ర పడింది. ఆమె వెనక గుమ్మం బయట మిగతా ముప్ఫై తొమ్మిది మంది వరసగా నిలబడి ఉన్నారు. చివరామె వేసి వెళ్లాక చూస్తే, పైన శిక్షణ జరిగిన తేదీ అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. ముద్రలు పడిన ఆ సోమవారం తేదీనే వేసి మేనేజరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన తేదీ మీద వేలు పెట్టాడు. "ట్రైనింగ్ నెల కిందట గదప్పా ఇచ్చింది?"

"ఇచ్చింది నెల కిందట సార్. అయింది ఈ పొద్దు."